నల్ల కిటికీలోంచి వచ్చిన పుస్తకం

మా అమరచింతలో మగ్గం మీద పోగు తెగితే నేతగాడు చీర కత్తిరించి పారేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడు. తెగిన రెండు కొసలూ వేళ్ల మధ్య పట్టుకుని, ఒక్క మెలిక వేసి, ఏమీ జరగనట్టు మళ్లీ నాడె విసురుతాడు. ఈ వూరికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ చూస్తూనే వున్నాను. కాని ఇంటర్‌నెట్ నుంచి పెద్ద ఫైలు తెచ్చుకోవటంలోనూ సరిగ్గా ఈ పద్ధతే ఒకటి వుందని తెలుసుకోవటానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. తెలిసేలోగా మూడు రాత్రుళ్ల నిద్ర పోయింది.

కందిపొడి కొలతలు అడిగిన సోదరీమణులు ఈ వారానికి నన్ను మన్నించాలి. ఈసారి వంటింట్లోకి వెళ్లే తీరిక లేకపోయింది. మా మామగారి పుస్తకం పనే సరిపోయింది.

ఆయనకు ఎనభయ్యారేళ్లు. బడిపంతులుగా రిటైరయ్యారు. చిన్నప్పుడు బడిలో బహుమతిగా వచ్చిన పుస్తకం ఒకటి ఆయన దగ్గర వుండేది: సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. 1949లో వెలువడిన పుస్తకం. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ మొట్టమొదటిసారి బహుమతులు ఇచ్చినప్పుడు తెలుగుకు వచ్చినది దీనికే. అప్పటికి రచయిత లేరు. 1953లోనే కాలం చేశారు. ప్రతాపరెడ్డి గారు మాకు పరాయివారు కారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు, నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. రాజుల యుద్ధాలు కాక, మన పూర్వులు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు, ఏ మూఢనమ్మకాలు నమ్మారు అని వెతికి రాసిన మనిషి. మా మామగారు ఆ పుస్తకాన్ని ఎవరికో చదువుకోమని ఇచ్చారు. ఎవరికో జ్ఞాపకం లేదు. ఇక అది తిరిగి రాలేదని వేరే చెప్పాలా?

కొత్త ముద్రణ కొనవచ్చు గదా అంటారేమో. కొన్నాం. కంటి ఆపరేషను అయిన తర్వాత ఆయనకు ఆ అక్షరాలు చీమల బారులాగా వున్నాయట. పైగా, “నేను చదివిన అచ్చు ఇది గాదమ్మా” అని ప్రక్కన పెట్టేశారు. అక్షరం పెద్దది చేసి చూడాలంటే టాబ్లెట్టు మీదనే సాధ్యం. పాత అచ్చు కావాలంటే పాత ప్రతిని ఎవరో ఫొటో తీసి వుండాలి.

తీశారు కూడాను! ఆ కథ కొంచెం చెప్పాలి. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న రాజ్ రెడ్డి గారు, పది లక్షల పుస్తకాలను కంప్యూటర్లలోకి ఎక్కించాలని ఒక మహా యజ్ఞం తలపెట్టారు. అందులో మన దేశపు భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగుళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు, హైదరాబాదులో ఐ.ఐ.ఐ.టి. మొదలైన సంస్థలు పూనుకుని, గ్రంథాలయాల్లో దుమ్ము పట్టిన పుస్తకాలను పేజీ పేజీగా స్కాను చేయించాయి. వేలకొద్దీ తెలుగు పుస్తకాలు అందులో చేరాయి. పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా పడితే అలా ఎక్కాయనుకోండి. ఒక్కో పేరు చదివితే అది తెలుగో, మరే భాషో పోల్చుకోవటానికి అరపూట పట్టేది. వికీపీడియాలో పనిచేసే మన తెలుగు యువకులు కొందరు కూర్చుని ఆ పేర్లను తెలుగులో సరిగా జాబితాలు కట్టారు. ఆ పుణ్యం వాళ్లది.

2015లో నేను ఈ పుస్తకాన్ని ఆ లైబ్రరీలో కనిపెట్టాను. రెండు ప్రకరణాలు తెర మీద చూస్తూ ఆయనకు చదివి వినిపించాను కూడా. “దాన్ని ఇంట్ల పెట్టుకోరాదా అమ్మా?” అన్నారు. “అక్కడే వుంటుంది గదా మామయ్యా, ఎప్పుడు కావలిస్తే అప్పుడు చూసుకోవచ్చు” అన్నాను నేను. చిరునామా మాత్రం పాల లెక్కల నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. ఎంత తెలివైనదాన్నో చూడండి!

తర్వాత పిల్లల చదువులు, ఆడపడుచు పెళ్లి, ఇంటి మరమ్మతులు. 2017 ప్రాంతంలో ఆ సైటు మూతపడింది. కాపీహక్కు తీరని పుస్తకాలు కూడా అందులో చేరాయన్న పేచీ వచ్చిందట. నా నోటుబుక్కులో చిరునామా వుంది. ఆ చిరునామాలో ఇల్లు లేదు.

మా అక్క కొడుకు హైదరాబాదులో కంప్యూటరు వుద్యోగి. వాడు ఆ లైబ్రరీ తెరిచి వున్న రోజుల్లోనే తనకు కావలసిన పుస్తకాలు తెచ్చి పెట్టుకున్నాడు. అప్పట్లో అక్కడ పుస్తకమంతా ఒక్క ఫైలుగా చిక్కేది కాదు. పేజీకో బొమ్మ; నాలుగు వందల పేజీలయితే నాలుగు వందల బొమ్మలు. ఒక్కొక్కటీ మౌసుతో నొక్కుతూ కూర్చుంటే తెల్లవారుతుంది. వాడేం చేసేవాడంటే, కంప్యూటరులో నల్ల కిటికీ తెరిచి ఒక్క వాక్యం రాసేవాడు. పేజీ అంకె వుండవలసిన చోట చదరపు బ్రాకెట్లలో ‘ఒకటి నుంచి నాలుగు వందల దాకా’ అని అర్థం వచ్చేటట్టు రెండు అంకెలు పెట్టేవాడు. ఇక అన్నం తిని వచ్చేసరికి పేజీలన్నీ వరసగా వచ్చి కూర్చునేవి. నాకు అప్పుడే చెప్పాడు. నేను వినలేదు. నల్ల తెర మీద తెల్లక్షరాలు చూస్తేనే నాకు ఏదో పాడు చేస్తున్నానేమోనని భయం.

లైబ్రరీ మూతపడ్డా పుస్తకాలు పూర్తిగా మునగలేదు. అమెరికాలో పబ్లిక్ రిసోర్స్ అనే సంస్థ నడిపే కార్ల్ మలమూద్ గారు ముందుచూపుతో ఆ పుస్తకాల ప్రతులను, నాలుగు లక్షల పైచిలుకు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించి వుంచారు. ఈ ఆర్కైవ్ 1996లో బ్రూస్టర్ కేల్ గారు స్థాపించినది. అక్కడ మన పుస్తకాల గుర్తింపు పేర్లలో ఈనాటికీ ‘డి.ఎల్.ఐ. 2015’ అనే ముద్ర కనిపిస్తుంది. కాబట్టి మా పుస్తకం దొరికింది. అయినా నేను వెంటనే తెచ్చుకోలేదు. ‘ఇది అమెరికా వాళ్లది, ఎక్కడికి పోతుంది’ అని ధీమా. 2024 అక్టోబరులో ఎవరో దుండగులు ఆ ఆర్కైవ్ మీదనే పడ్డారు. మూడు కోట్ల పైచిలుకు సభ్యుల వివరాలు దొంగిలించారు. సైటు కొన్నాళ్లపాటు తెరుచుకోలేదు. అప్పుడు మా మామగారు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవటమే నాకు గుచ్చుకుంది.

సైటు మళ్లీ తెరిచాక, ఒక రాత్రి పిల్లలు పడుకున్న తర్వాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఇలాంటి స్కాను పుస్తకాలు ఒక్కొక్కటి వందల ఎమ్‌బీ వుంటాయి. మామూలుగా బ్రౌజరులో నొక్కాను. నీలిగీత మెల్లగా పాకుతోంది. మామగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

“ఎంత వరకొచ్చిందమ్మా?”

“ఎనభై దాటింది మామయ్యా.”

టప్పున కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ వుంది గాని, గోడకున్న వై-ఫై డబ్బా ఆరిపోయింది. కరెంటు వచ్చాక చూస్తే ‘విఫలం’ అని ఎర్రక్షరాలు. మళ్లీ నొక్కితే సున్నా దగ్గర నుంచి మొదలు! రెండో రాత్రి అంతే. మూడో రాత్రి సెల్‌ఫోను డేటాతో కలిపాను. సగం దారిలో ఆనాటి డేటా అయిపోయింది.

“తొంభై దాటింది మామయ్యా” అన్నాను నాలుగో ప్రయత్నంలో.

“పోయినసారీ గట్లనే గదా పోయింది” అన్నారాయన, లేచి పడకకు వెళ్తూ.

మర్నాడు మా అక్క కొడుక్కి ఫోను చేశాను. “చిన్నమ్మా, బ్రౌజరుతోని ఎందుకు కుస్తీ పడుతున్నవు? కర్ల్ తోటి తెచ్చుకో. నీ ల్యాప్‌టాప్‌లనే వుంటది” అన్నాడు. నిజమే! 2018 నుంచీ విండోస్‌లో అది కలిసే వస్తోందట. ఇన్నేళ్లూ మా ఇంట్లోనే, పిలవని చుట్టంలాగా మూల కూర్చుని వుందన్నమాట.

వాడు ఫోనులో చెబుతుంటే నేను కొట్టాను. విండోస్ బొమ్మ వున్న మీట నొక్కి సి, ఎమ్, డి అని మూడక్షరాలు కొడితే నల్ల కిటికీ తెరుచుకుంది. మొదట నేను తెరిచింది నీలం కిటికీ. వాడు గోల పెట్టాడు. మా ల్యాప్‌టాప్‌లోని ఆ నీలం దానిలో కర్ల్ అనే పేరుకు వేరే అర్థం వుందట. ఒకే వూళ్లో ఒకే పేరుగల ఇద్దరిలాగా. సరే, నల్లదాంట్లో వాక్యం ఇది. సి, యు, ఆర్, ఎల్. ఒక ఖాళీ. అడ్డగీత, దానికి ఆనుకుని పెద్ద ఎల్. ఖాళీ. అడ్డగీత, పెద్ద సి. ఖాళీ. వట్టి అడ్డగీత ఒక్కటి. ఖాళీ. అడ్డగీత, పెద్ద ఓ. ఖాళీ. చివర జంట కొటేషన్ల మధ్య పుస్తకం పూర్తి చిరునామా. కొటేషన్లు ఎందుకంటే, చిరునామాల్లో ఒక్కోసారి ‘అండ్’ గుర్తు వస్తుంది. అది కనిపిస్తే నల్ల కిటికీ అక్కడితో వాక్యం అయిపోయిందనుకుంటుంది. చిరునామా చేత్తో కొట్టకూడదు. డౌన్‌లోడు లంకె మీద కుడి మీట నొక్కి కాపీ చేసుకోవాలి.

నేను మహా తొందరదాన్ని గదా, పెద్ద ఎల్ వదిలేశాను. రెప్పపాటులో ఫైలు వచ్చేసింది! ‘ఇంత సులువా’ అని మురిసిపోయి తెరవబోతే తెరుచుకోదు. వాడు నవ్వాడు. ఆర్కైవ్ వాళ్ల దగ్గర యంత్రాలు చాలా వుంటాయి. మనం తట్టిన తలుపు దగ్గర పుస్తకం వుండదు. ‘ఫలానా యంత్రం దగ్గరికి వెళ్లండి’ అని చీటీ ఇస్తారు. పెద్ద ఎల్ పెడితే కర్ల్ ఆ చీటీ చదువుకుని అక్కడికి వెళ్తుంది. పెట్టకపోతే చీటీనే పుస్తకమనుకుని తెచ్చి మన చేతిలో పెడుతుంది. ఇంకో చిక్కు కూడా వుంది. ఆ పనికిమాలిన చీటీ ఫైలును చెరిపెయ్యకుండా మళ్లీ నడిపితే, ‘ఇప్పటికే ఇంత వచ్చింది కాబోలు’ అనుకుని దాని వెనకనే పుస్తకాన్ని అతికిస్తుంది. అప్పుడు చీటీ తలా, పుస్తకం మొండెమూ! అందుకని ముందు దాన్ని చెరిపేశాను.

ఇంతకూ ఆ పెద్ద సి, వట్టి అడ్డగీత చేసే పనే అసలు సంగతి. మన దగ్గర ఆ పేరుతో ఫైలు ఎంతవరకు వుందో కర్ల్ తనే కొలుచుకుంటుంది. అవతలి యంత్రంతో ‘మొదటి ఇన్ని అక్షరాలు నా దగ్గర వున్నాయి, తర్వాతివి మాత్రం ఇవ్వండి’ అని అడుగుతుంది. కొస కలుపుకుని నేత సాగిస్తుంది. సి పెద్దదే కావాలి సుమండీ. చిన్న సి అంటే కర్ల్‌కు మరో పని. అవతలివాళ్లు ఇలా మధ్య నుంచి ఇచ్చే ఏర్పాటు చేసి వుంటేనే ఇది సాగుతుంది. లేకపోతే ‘కుదరదు’ అని మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. ఈ మధ్యలో వాళ్లు ఫైలునే మార్చేస్తే మాత్రం అతుకు అతకదు. కొత్త చీర కొంగు పాత చీరకు కుట్టినట్టుంటుంది.

ఆ రాత్రి ముప్ఫై ఎనిమిది శాతం దగ్గర కరెంటు పోయింది. నేను ఈసారి ‘అయ్యో’ అనలేదు. కరెంటు వచ్చాక అంకెలు కదలకుండా నిలబడి వున్నాయి. కంట్రోలు మీటా, సి మీటా కలిపి నొక్కి ఆపాను. పైబాణం మీట నొక్కితే ఇందాకటి వాక్యం మొత్తం మళ్లీ ప్రత్యక్షమైంది, తిరిగి కొట్టక్కర్లేదు. ఎంటర్ నొక్కాను. వున్నదాన్ని అలాగే వుంచి, మిగిలింది మాత్రం లాగటం మొదలుపెట్టింది.

ఇంత వుపకారం చేసిన పనిముట్టు ఎవరు చేశారా అని మా వాణ్ణి అడిగాను. స్వీడన్ దేశంలో డానియల్ స్టెన్‌బెర్గ్ అనే ఆయన. మన డబ్బు వాళ్ల డబ్బుకు ఎంత అనే మారకపు ధరలు రోజూ నెట్ నుంచి తెచ్చి, కబుర్లు చెప్పుకునే మిత్రులకు అందించాలని ఆయనకు కోరిక. బ్రెజిల్ దేశపు రఫాయెల్ సగులా రాసిన ఓ చిన్న ప్రోగ్రామును తీసుకుని పెంచుకుంటూ పోయి, 1998లో దానికి కర్ల్ అని పేరు పెట్టారు. ఫోనుల్లో, టీవీల్లో, కార్లలో, మన కంటికి కనపడకుండా ఇప్పుడు అదే పని చేస్తూ వుంటుందట. దీనికి అన్నలాంటిది డబ్ల్యూగెట్, 1996లో క్రొయేషియాకు చెందిన హ్ర్వొయె నిక్షిచ్ చేసినది. లైనక్స్ వాడేవాళ్లకు బాగా అలవాటు. అందులో కొనసాగింపునకు చిన్న సి చాలు. చిరునామాలన్నీ ఒక కాగితంలాంటి ఫైలులో వరసగా రాసిపెట్టి ‘ఇవన్నీ తే’ అనవచ్చు. ఒక్కొక్క దానికీ మధ్య కొన్ని క్షణాలు ఆగి అడగమనీ చెప్పవచ్చు. ఆ ఆగటం మర్యాద. ఆర్కైవ్ లాంటి చోట్ల నీళ్లు అందరికీ. ఒక్కరే పది కావళ్లు వేసుకుని బావి గట్టు ఆక్రమిస్తే ఎలా?

మరొక మాట. ఇలా తేగలిగినంత మాత్రాన అన్నీ తేకూడదు. మన దేశ చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత అరవై యేళ్ల దాకా హక్కు వారసులది. ప్రతాపరెడ్డి గారు పోయింది 1953లో గనక, 2014 జనవరి నుంచి ఆయన రచనలు అందరివీ. ఇప్పుడు రాస్తున్నవాళ్ల నవలలు ఇలా దొరికితే, దొరికాయి గదా అని తెచ్చుకోవద్దు. రాసేవాళ్లకూ కుటుంబాలు వుంటాయి.

ఇక, ఎవరో ఫోను చేసి గాని, తెర మీద బెదిరింపు బోర్డు పెట్టి గాని, ‘ఈ వాక్యం కాపీ చేసి నల్ల కిటికీలో అతికించండి’ అంటే అతికించకండి. ఆ కిటికీ మనం చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఎవరు చెప్పించారని అడగదు. తాళంచెవులు అడిగిన వాడికల్లా ఇస్తామా? మా ఇంట్లో ఇప్పుడు ఒక నియమం పెట్టాం. వాక్యంలో ప్రతి ముక్కా ఎందుకో తెలిస్తేనే ఎంటర్.

తెల్లవారుజామున నాలుగున్నరకు అంకె నూరుకు చేరింది. ఫైలు ఎక్కడుందో మాత్రం కనపడలేదు! డౌన్‌లోడ్స్ అరలో లేదు. నల్ల కిటికీ తను ఏ అరలో తెరుచుకుంటే అక్కడే పెడుతుందట. నా పేరున వున్న అరలో దొరికింది. ఆర్కైవ్ పేజీలో రాసిన కొలతతో అక్షరాల లెక్క సరిచూశాను, సరిపోయింది. వేలిముద్రలాంటి అంకె ఒకటి తీసి సరిచూసే పద్ధతి కూడా వుందని మా వాడు అన్నాడు గాని, ఆ వేళప్పుడు నాకు అంత ఓపిక లేదు. ఒక ప్రతి టాబ్లెట్టులోకీ, ఒకటి పెన్‌డ్రైవ్‌లోకీ ఎక్కించి, మరొకటి మా అక్క కొడుక్కి పంపాను.

మామగారు లేచి మొహం కడుక్కుని వచ్చేసరికి టాబ్లెట్టు ఆయన కుర్చీలో పెట్టాను. రెండు వేళ్లతో పేజీని సాగదీస్తే అక్షరాలు అరచేయంత అయినాయి. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపలి పేజీలో ఏదో గ్రంథాలయం ముద్ర సగం పడి వుంది. ఒక చోట పేజీ వంకరగా స్కానయింది. అంచున నల్లగా మరక.

“ఇది ఎవరి బుక్కో గదమ్మా” అన్నారు.

“ఎవరిదయితేనేం మామయ్యా, ఇప్పుడు మనింట్లో వుంది.”

“మళ్లీ కరెంటు పోతే?”

“పోయినా వుంటుంది.”

ఆయన తల వూపి, పేజీ తిప్పటానికి అలవాటు చొప్పున వేలు నాలుకకు తడి చేసుకున్నారు. టాబ్లెట్టు అద్దం మీద తడి మరక పడింది. తుడుస్తానని వెళ్లబోయాను. “వుండనీయమ్మా, ఆటల ముచ్చట ఎక్కడుందో చూస్తున్న” అన్నారు.